నూరు కిలోలు దాటాక ఏ డైట్?

పెళ్లికి నెల్లాళ్లే ఉంది, ఈలోగా ఐదు కిలోలు తగ్గాలి అనుకునేవాళ్ల కోసం బజారులో పుస్తకాలకు కొదవ లేదు. వాళ్లు ఈ అధ్యాయం దాటేసి ముందుకు వెళ్లిపోవచ్చు. ఇది ఇంట్లో బరువు చూసే మిషన్ ఎక్కితే అంకెకు బదులు ‘ఎర్రర్’ అని చూపించేవాళ్ల కోసం. షేర్ ఆటో ఎక్కే ముందు పక్క సీటువాళ్ల మొహం చూసి మొహమాటపడేవాళ్ల కోసం. మోకాళ్ల నొప్పికి వెళ్లినా, ఆయాసానికి వెళ్లినా డాక్టరు ‘ముందు ఒళ్లు తగ్గించుకోమ్మా’ అని ఒక్క ముక్క అనేసి తర్వాతి పేషెంటును పిలిస్తే, ఎలా తగ్గించుకోవాలో అడగలేక లేచొచ్చేసేవాళ్ల కోసం.

ముందు లెక్క. మీ బరువును కిలోల్లో వేసుకుని, మీటర్లలో మీ ఎత్తుతో భాగించండి. వచ్చినదాన్ని అదే ఎత్తుతో మళ్లీ భాగించండి. అదే బీఎంఐ. 1.6 మీటర్ల ఎత్తు, 102 కిలోల బరువు ఉంటే అది 40కి దగ్గర. 40 దాటితే తీవ్ర స్థూలకాయం. 35 దాటి షుగరో, బీపీయో, నిద్రలో ఊపిరి ఆగే జబ్బో తోడైతే డాక్టర్లు దాన్నీ దాదాపు అదే లెక్కలో చూస్తారు. మనవాళ్లకు పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువ, షుగరు త్వరగా పట్టుకుంటుంది కాబట్టి భారతీయులకు 25 దాటితేనే ఊబకాయం అంటున్నారు.

డెబ్బై కిలోల మనిషి తనకు తోచిన డైట్ మూడు వారాలు చేసి మానేస్తే పెద్దగా పోయేదేమీ లేదు. నూట ఇరవై కిలోల మనిషి సంగతి వేరు. చాలామంది అప్పటికే రోజూ నాలుగైదు మాత్రలు మింగుతుంటారు. తిండి మారితే ఆ మాత్రలు పనిచేసే తీరు కూడా మారుతుంది. పైగా తగ్గాల్సింది ముప్ఫై, నలభై కిలోలు. నెల రోజులు నోరు కట్టేసుకుంటే అయ్యే పని కాదు, ఏళ్ల తరబడి సాగాలి. అందుకే ఏ డైట్ తొందరగా కరిగిస్తుంది అన్న ప్రశ్న మీకు అంతగా పనికిరాదు. నా మందులతో ఏది పడుతుంది, ఏడాది తర్వాత కూడా మా ఇంటి వంటగదిలో ఏది నడుస్తుంది అని అడగాలి.

ఫిలడెల్ఫియాలో ఏం తేలింది

డైట్ల మీద పరీక్షలు లెక్కలేనన్ని జరిగాయి. వాటిలో చాలావరకు ఓ మోస్తరు లావున్నవాళ్లతో, వేరే జబ్బులు లేనివాళ్లతో చేసినవి. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలోని మాజీ సైనికుల ఆసుపత్రి డాక్టర్లు చేసిన పరీక్ష అలాంటిది కాదు. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. 132 మందిని తీసుకున్నారు. సగటు బీఎంఐ 43. నూటికి 39 మందికి షుగరుంది. అంటే అచ్చంగా ఈ పుస్తకం చేతిలో పట్టుకున్న మీలాంటివాళ్లు.

కొందరికి రోజుకు 30 గ్రాములకు మించి పిండిపదార్థాలు వద్దన్నారు. మిగతావాళ్లకు పాత పద్ధతి: రోజూ తినేదానిలో 500 క్యాలరీలు కోసెయ్యాలి, కొవ్వు నుంచి వచ్చేది మొత్తంలో 30 శాతం దాటకూడదు. అందరినీ మొదటి నెల వారానికోసారి, ఆ తర్వాత నెలకోసారి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడారు.

ముప్ఫై గ్రాముల పిండిపదార్థం అంటే మన వంటింటి లెక్కలో ఎంతో చూడండి. వండిన అన్నం నూరు గ్రాముల పైచిలుకు. పెద్ద గరిటెతో ఒక గరిటె. అది తింటే ఆ రోజుకు కోటా చెల్లిపోయినట్టే. పప్పులో ఉన్నది, పెరుగులో ఉన్నది, టీలో పోసిన పాలలో ఉన్నది ఇక అదనం. పప్పన్నం, చారన్నం, పెరుగన్నం అని మూడు వాయిదాల్లో భోంచేసే మనిషికి మొదటి వాయిదా సగంలోనే చెయ్యి కడుక్కోవాల్సి వస్తుంది.

ఆరు నెలలకు పిండి తగ్గించినవాళ్లు సగటున 5.8 కిలోలు తగ్గారు. కొవ్వు తగ్గించినవాళ్లు 1.9 కిలోలు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు మొదటి జట్టుకు 20 శాతం పడిపోతే రెండో జట్టుకు 4 శాతమే. అన్నం మానెయ్యమనేవాళ్లంతా ఇప్పటికీ ఇలాంటి అంకెలే చూపిస్తారు. అక్కడితో ఆగిపోతారు. ఆ మనుషుల్నే ఏడాది దాకా వెంబడించి రాసిన రెండో వ్యాసం 2004లో వచ్చింది. అప్పటికి మొదటి జట్టు తగ్గింది 5.1 కిలోలు, రెండోది 3.1. గణాంకాల లెక్కలో ఆ తేడాను తేడా అనలేం. ట్రైగ్లిజరైడ్లు, షుగరున్నవాళ్లలో మూడు నెలల షుగరు సగటు మాత్రం పిండి తగ్గించినవాళ్లకే మెరుగ్గా ఉన్నాయి.

నన్నడిగితే ఆ పరీక్షలో అసలు చూడాల్సిన అంకెలు వేరే ఉన్నాయి. మొదలుపెట్టిన 132 మందిలో ఆరు నెలలు పూర్తిచేసింది 79 మంది. పదే పదే పిలిచి, ఓపిగ్గా చెప్పి, డాక్టర్లు వెనకుండి నడిపిస్తే కూడా పదిమందిలో నలుగురు జారిపోయారు. ఇంకొకటి, 5.8 కిలోలన్నది సగటే. ఆ సగటు చుట్టూ మనుషులు ఎంత చెల్లాచెదురుగా ఉన్నారంటే, ఒకే చీటీ పట్టుకుని ఒకరు పద్నాలుగు కిలోలు తగ్గే చోట ఇంకొకరు రెండు కిలోలు పెరిగే అవకాశం ఉంది. మీ తోడికోడలు తగ్గింది కాబట్టి మీరూ తగ్గుతారన్న పూచీ ఏ డైట్‌లోనూ లేదు.

తర్వాత వచ్చిన పెద్ద పరీక్షలూ ఇదే దారిలో నడిచాయి. 2005లో అట్కిన్స్, జోన్, వెయిట్ వాచర్స్, ఆర్నిష్ అనే నాలుగు పేరున్న డైట్లను 160 మంది మీద పోల్చితే ఏడాదికి అన్నింటిలోనూ రెండు, మూడు కిలోలే తేలాయి. ఏ డైట్ అన్నది కాకుండా, చెప్పినట్టు చేశారా లేదా అన్నదే తూకాన్ని తేల్చింది. 2009లో 811 మందిని రెండేళ్లు చూశారు. కొవ్వు, మాంసకృత్తులు, పిండిపదార్థాల పాళ్లు ఎన్ని రకాలుగా మార్చినా ఫలితం ఒకటే. ఒక్క ముక్క మాత్రం మిగిలింది: సలహా సమావేశాలకు ఎక్కువసార్లు వెళ్లినవాళ్లు ఎక్కువ తగ్గారు, హాజరైన ఒక్కో సమావేశానికి సుమారు 200 గ్రాముల లెక్కన. 2018లో స్టాన్‌ఫర్డ్‌లో 609 మందితో చేసిన పరీక్షలో జన్యువులు చూసి డైట్ చెప్పొచ్చా అని కూడా ప్రయత్నించారు. చెప్పలేకపోయారు. ఉమ్మి నమూనా పంపితే మీ జన్యువులకు తగిన డైట్ చెప్తామనేవాళ్లకు డబ్బు కట్టే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

మరి మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గారంటారే? తగ్గుతారు. అన్నం మానగానే ఒంట్లో గ్లైకోజన్ రూపంలో నిలవున్న పిండి ఖర్చవుతుంది. అది తన బరువుకు మూడింతల నీటిని పట్టుకుని ఉంటుంది, ఆ నీరు పోతుంది. పండగ రోజు పులిహోర తినగానే కిలోన్నర తిరిగొచ్చేదీ ఆ నీరే. సంబరపడాల్సినదీ లేదు, ఏడవాల్సినదీ లేదు.

అసలు కష్టం ఆరో నెల తర్వాత మొదలవుతుంది. ఆస్ట్రేలియాలో 50 మందికి పది వారాలు బాగా తక్కువ క్యాలరీల తిండి పెట్టి బరువు తగ్గించారు. ఏడాది గడిచాక చూస్తే కూడా ఆకలి పెంచే హార్మోన్లు ఎక్కువగా, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తక్కువగా ఉన్నాయి. టీవీ పోటీలో సగటున 58 కిలోలు తగ్గిన 14 మంది అమెరికన్లను ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, వాళ్ల ఒళ్లు ఉండాల్సిన దానికన్నా రోజుకు 500 క్యాలరీలు తక్కువ ఖర్చుపెడుతోంది. తగ్గినదాంట్లో చాలావరకు తిరిగి వచ్చేసింది. మళ్లీ లావైనవాళ్లను ‘నోటి దురద’ అని వెక్కిరించే బంధువులకు ఈ పేరా చదివి వినిపించండి.

మన ఊరి డైట్లు

తెలుగునాట డైట్ అనగానే మూడు పేర్లు వస్తాయి. మూడూ ఒకదానికొకటి పొసగవు. మూడింటికీ ప్రాణమిచ్చే అభిమానులున్నారు.

వీరమాచనేని రామకృష్ణ చెప్పేదాంట్లో అన్నం, చపాతీ, పప్పు, పండ్లు ఉండవు. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. వైద్యుల భాషలో ఇది కీటో కుటుంబానికి చెందినది. కీటో కొత్తదేమీ కాదు, 1921లో అమెరికాలో మూర్ఛరోగుల కోసం మొదలైంది. ఫిలడెల్ఫియా జట్టు చేసినదానికి దగ్గర కాబట్టి దాని బలాలూ అవే: ఆకలి అణుగుతుంది, ట్రైగ్లిజరైడ్లు దిగుతాయి, షుగరు త్వరగా దిగుతుంది. ఆ ఆఖరిదే ప్రమాదం కూడా, దాని సంగతి మందుల దగ్గర చెప్తాను. కొబ్బరినూనెలో క్యాలరీలు లేవని ఎవరన్నా అంటే నమ్మకండి. వంద గ్రాముల నూనె, ఏ గింజదైనా, 900 క్యాలరీలు. ఆ డైట్‌లో బరువు తగ్గేది నూనె తాగడం వల్ల కాదు, నూనె తప్ప మిగతావి దాదాపు అన్నీ ఆపెయ్యడం వల్ల. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు నాలుగు లీటర్ల నీళ్లు ఇబ్బంది తెచ్చిపెడతాయి.

మంతెన సత్యనారాయణరాజు దారి పూర్తిగా అటువైపు. ఉప్పు లేదు, నూనె లేదు. పచ్చికూరల రసాలు, మొలకలు, పండ్లు, ఉడికించిన కూరలు. పళ్లెం నిండా తిన్నా క్యాలరీలు తక్కువ, పీచు ఎక్కువ. బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు తగ్గడం మేలే. కాకపోతే బీపీ కోసం మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడుతూ ఉప్పు మొత్తం మానేస్తే సోడియం పడిపోయి మనిషి తూలిపోతాడు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు కూరల రసాల్లోని పొటాషియం పడదు. మాంసకృత్తులు చాలకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. మోకాళ్లు అరిగిన మనిషికి కండే ఆసరా.

ఖాదర్ వలీ చెప్పే సిరిధాన్యాలు మూడోవి. కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు. వీటి గురించి పొరపాటు అభిప్రాయం ఒకటి బాగా పాతుకుపోయింది. కొర్రల్లోనూ, బియ్యంలోనూ తూకానికి తూకం క్యాలరీలు దాదాపు సమానం, వంద గ్రాములకు 330కీ 355కీ మధ్య. తినే అన్నం స్థానంలో అన్నే కొర్రలు వండుకుని, పైన అంతే నూనె కూర వేసుకుంటే బరువు ఎక్కడికీ పోదు. పీచు వల్ల కడుపు త్వరగా నిండి, ఒక గరిటె తక్కువ తింటే అప్పుడు పోతుంది. కాబట్టి కొర్రలు మంచివే, కొలత మాత్రం మానకండి.

ఇక అన్నమే విషం అనేవాళ్ల కోసం ఒక కథ. జర్మనీ నుంచి వలస వెళ్లిన వాల్టర్ కెంప్నర్ అనే డాక్టరు అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో 1939 నుంచి బీపీ, కిడ్నీ రోగులకు తెల్లన్నం, పండ్లు, పండ్ల రసాలు, పంచదార పెట్టి వైద్యం చేశాడు. ఉప్పు, కొవ్వు దాదాపు సున్నా. ఆ తర్వాత తీవ్ర స్థూలకాయులకూ అదే పద్ధతిని క్యాలరీలు తగ్గించి వాడాడు. 45 కిలోలు, అంతకు మించి తగ్గిన 106 మంది వివరాలు 1975లో ప్రచురించాడు. వాళ్లు సగటున తగ్గింది 63.9 కిలోలు. అన్నం తిని! అయితే ఇందులో మెలిక ఉంది. ఆయన లెక్క చెప్పింది నెగ్గినవాళ్లది. మధ్యలో మానేసినవాళ్లు, తగ్గనివాళ్లు ఆ 106లో లేరు. మన యూట్యూబ్‌లో ‘ముందు, తర్వాత’ ఫొటోలు చూపించేవాళ్లు చేసేదీ అదే. ఓడినవాళ్లు ఫొటో దిగరు.

అన్నం మానేసినా తగ్గారు, అన్నమే తిన్నా తగ్గారు. మరి వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నదేంటి? ఏ డైట్‌లో చేరినా మొదటి రోజే ఆగిపోయేవి కొన్ని ఉన్నాయి: బిస్కెట్లు, మిక్చరు, సాయంత్రం మిర్చి బజ్జీ, కూల్‌డ్రింకు, టీలో పంచదార. రోజుకు ఐదు టీలు, టీకి రెండు చెంచాల పంచదార అయితే 200 క్యాలరీలు టీ కప్పులోనే పోయాయి. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ బృందం 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ ప్యాకెట్ తిండి, రెండు వారాలు ఇంటి తరహా వంట పెట్టింది. రెండింటిలో పోషకాల పాళ్లు సమానంగా ఉంచి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్యాకెట్ తిండి రోజుల్లో వాళ్లు తెలియకుండానే రోజుకు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. నా దృష్టిలో మొదట పడాల్సిన వేటు అన్నం మీద కాదు, కిరాణా సంచిలోని ప్యాకెట్ల మీద.

ఉపవాసాలు, పొడులు

లంఖణం పరమౌషధం అన్నారు కదా అని కొందరు ఉపవాసాలకు దిగుతారు. స్కాట్లండ్‌లో ఆంగస్ బార్బియెరి అనే యువకుడు 1965, 66లలో డాక్టర్ల పర్యవేక్షణలో 382 రోజులు ఘనాహారం లేకుండా ఉండి 207 కిలోల నుంచి 82 కిలోలకు దిగాడు. అది చెప్పుకోవడానికి బాగుంటుంది, చెయ్యడానికి కాదు. ఇప్పుడు ఏ డాక్టరూ ఒప్పుకోడు. పగటి వేళల్లోనే తిని సాయంత్రం నుంచి ఆపేసే పద్ధతిని చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మందితో ఏడాది నడిపి 2022లో ఫలితం చెప్పారు. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు లోపు తిన్నవాళ్లు 8 కిలోలు, వేళాపాళా లేకుండా అన్నే క్యాలరీలు తిన్నవాళ్లు 6.3 కిలోలు తగ్గారు. గణాంకాల దృష్టిలో ఇదీ తేడా కాదు. కాకపోతే రాత్రి పదికి టీవీ ముందు అన్నం తినే ఇళ్లలో ‘ఏడు తర్వాత వంటగది మూత’ అన్న నియమం పాటించడం సులువు. సులువైనదానికి విలువుంది.

భోజనం బదులు షేక్ తాగే పద్ధతిలో నాకు నమ్మకం కలిగించింది బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే పరీక్ష. టైప్ 2 షుగరు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు, ఇన్సులిన్ వాడనివాళ్లు 306 మంది. అందులో సగం మందికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకు 850 క్యాలరీల లోపు ద్రవాహారమే ఇచ్చి, తర్వాత మెల్లగా మామూలు భోజనానికి తెచ్చారు. ఏడాదికి వాళ్లలో 46 శాతం మందికి మందుల్లేకుండా షుగరు అదుపులోకి వచ్చింది. పదిహేను కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలోనైతే 86 శాతం మందికి. షుగరు, బీపీ మాత్రలను మొదటి రోజే డాక్టర్లే ఆపించారు, మళ్లీ అవసరమైతే వాళ్లే మొదలుపెట్టారు. మందుల షాపులో డబ్బా కొని సొంతంగా చేసేదానికీ దీనికీ పోలిక లేదు. 1970ల చివర్లో అమెరికాలో నాసిరకం ద్రవ ప్రొటీన్ మీదే బతుకుతూ తగ్గబోయినవాళ్లు యాభైమందికి పైగా చనిపోయారు. చాలామందిలో గుండె లయ తప్పింది.

మీ చీటీ, మీ వంటగది

ఎంపిక మందుల చీటీ దగ్గర మొదలుపెట్టండి. అందులో ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ ఉంటే, అన్నం తగ్గించిన రోజే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబడటం దాని గుర్తులు. డోసు ఎంత తగ్గించాలో డాక్టరు ముందే చెప్పాలి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడుతున్నవాళ్లు కీటో జోలికి పోవద్దు. రక్తంలో ఆమ్లం పెరిగిపోయి, షుగరు పెద్దగా లేకపోయినా వాంతులు, ఆయాసంతో ఐసీయూ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. బీపీ మాత్రలు వాడేవాళ్లు బరువు తగ్గేకొద్దీ లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే డోసు ఎక్కువైందని అర్థం. కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లు మాంసకృత్తులు పెంచే ముందు అడగాలి. ఏ పద్ధతిలోనైనా బరువు మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి, కుడి డొక్కలో నొప్పి వస్తే గ్యాసని వదిలెయ్యకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ డైట్లేవీ ముట్టుకోకూడదు.

తర్వాత వంటగది. మన ఇళ్లలో చాలాచోట్ల పథ్యం చేసే మనిషే నలుగురికీ వండే మనిషి. ‘నాకొక్కదానికి విడిగా ఏం వండుకుంటాను వదినా, వాళ్లకు చేసిందే కొంచెం తింటాను’ అన్న మాట ఎన్ని ఇళ్లలో వినలేదు! ఉప్పు చూడ్డానికి ఒక చెంచా, పిల్లాడి కంచంలో మిగిలిన నాలుగు ముద్దలు పారెయ్యలేక నోట్లోకి, రాత్రి గిన్నె ఖాళీ చెయ్యడానికి అడుగున ఉన్న కాస్త పులుసన్నం. ఇవేవీ ఆమె లెక్కలోకి రావు. ఇలాంటి ఇంట్లో తనకొక్కదానికే వేరే వంట కావాల్సిన డైట్ రెండు నెలలు దాటదు. ఇంటిల్లిపాదీ ఒకే కూర తినే ఏర్పాటు అయితే దాటుతుంది. అందుకని ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి ముందే మాట్లాడండి: బావగారికి వేపుడు కావాలంటే వారానికి ఒక్కరోజు, అత్తగారికి పెరుగన్నం మామూలే, ప్యాకెట్లు మాత్రం ఎవరికీ లేవు.

నూనె లెక్క ఒకసారి వేద్దాం, ఎందుకంటే ఇది చాలామందిని ఉలిక్కిపడేలా చేస్తుంది. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్ల నూనె క్యాన్ అయిపోతోందనుకోండి. బరువులో అది 4.6 కిలోలు. క్యాలరీల్లో 41,000 పైచిలుకు. నలుగురికి, ముప్ఫై రోజులకు పంచితే మనిషికి రోజుకు 345 క్యాలరీలు. క్యాన్ మూడు లీటర్లకు దిగితే ఒక్క ముద్ద అన్నం తగ్గించకుండానే మనిషికి రోజుకు 135కు పైగా క్యాలరీలు తగ్గాయి.

ఏ డైట్ పట్టుకున్నా వదలకూడనిది మాంసకృత్తులు. కిడ్నీలు బాగున్నవాళ్లకు రోజుకు 60 నుంచి 80 గ్రాములు అందేలా చూసుకోండి. పప్పు రోజూ తింటున్నాంగా అంటారు. మనిషి వాటాకు వచ్చే పప్పు ముప్ఫై గ్రాములైతే అందులో ఉన్నది ఆరున్నర గ్రాములు. గుడ్డులో ఆరు. యాభై గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో పాతిక. వంద గ్రాముల కోడి మాంసంలో ఇరవై పైన. కూడి చూసుకుంటే చాలామంది శాకాహారులు నలభై దాటరు.

నా తూకం చెప్పమంటే ఇది. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువ, షుగరు కొత్తగా వచ్చింది, గుడ్లూ చికెనూ ఇష్టం, డాక్టరు అందుబాటులో ఉన్నాడు అన్నవాళ్లకు పిండి బాగా తగ్గించే దారి బాగుంటుంది. మరీ 30 గ్రాములకు దిగక్కర్లేదు, ఇప్పుడు తినే అన్నాన్ని సగం చేసి ఆ ఖాళీలో కూర, గుడ్డు పెట్టినా ఆ దారిలో పడినట్టే. శాకాహారులు, బీపీవాళ్లు, ఉమ్మడి వంటవాళ్లు నూనె, ప్యాకెట్లు తగ్గించి, కొలిచి వండుకునే దారికి రండి. షుగరు వచ్చి ఆరేళ్లలోపు అయి, మంచి పర్యవేక్షణ దొరికితే ద్రవాహారం అడిగి చూడండి. తిండి మీద అదుపు తప్పి ఒక్కసారిగా విపరీతంగా తినేసే అలవాటున్నవాళ్లు కఠినమైన డైట్ దేనికీ వెళ్లకండి, కట్టడి ఎంత బిగిస్తే అంత తెగుతుంది. ముందు దానికి చికిత్స కావాలి.

పన్నెండు వారాలు గడువు పెట్టుకోండి. ఉన్న బరువులో ఐదు శాతం, అంటే 120 కిలోల మనిషికి ఆరు కిలోలు తగ్గితే ఆ దారిలోనే నడవండి. ఆరు కిలోలంటే చిన్నచూపు వద్దు. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. పిట్స్‌బర్గ్‌లో బీఎంఐ 35 దాటినవాళ్లు 130 మందికి తిండి మార్పుతో పాటు నడక, విడవకుండా పిలిచి మాట్లాడే మనుషులను జతచేస్తే, మొదటి నుంచీ నడిచిన జట్టు ఏడాదికి సగటున 12 కిలోలు తగ్గింది. ఫిలడెల్ఫియా కన్నా రెట్టింపు. తోడుంటే అంత తేడా ఉంటుంది.

తగ్గకపోతే? సర్జరీ, ఇంజెక్షన్ అనగానే చాలామందికి ఓడిపోయినట్టు అనిపిస్తుంది. ఆ సిగ్గు అర్థంలేనిది. స్వీడన్‌లో 1987 నుంచి నడిచిన పరిశీలనలో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవాళ్లు పదేళ్ల తర్వాత కూడా మొదటి బరువులో 25 శాతం తక్కువగా ఉన్నారు, చేయించుకోనివాళ్ల బరువు దాదాపు ఎక్కడిదక్కడే ఉంది. వారానికో ఇంజెక్షన్‌గా ఇచ్చే సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద డోసుతో 72 వారాల్లో దాదాపు 21 శాతం తగ్గారు. టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది. ఖర్చు ఎక్కువ. సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్లకు ఏడాదిలో పోయిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చాయి. సర్జరీ అయినా జీవితాంతం విటమిన్లు, ముందు మాంసకృత్తులు, కొలిచి తినడం తప్పవు. అంటే ఈ అధ్యాయంలో చెప్పిన వంటగది పని వాటితోనూ ఉంటుంది.

బీఎంఐ 40 దాటి, పన్నెండు వారాలు నిజాయితీగా చేశాక కూడా తూకం కదలకపోతే ఇంకో డైట్ పుస్తకం కొనకండి. ఆ డబ్బులతో ఎండోక్రైనాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి.